నోటికొచ్చిన నంబరు

“పడింది!” అని కేకేశాడు మా ఆయన ముందుగదిలోంచి.

నేను వంటింట్లో అంట్లు తోముతున్నాను. పడింది నా జీతం. పడిందేమో ఆయన ఖాతాలో. ఫోను టింగుమంటే చాలు, మెసేజిని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదవడం ఆయన అలవాటు. వాన హెచ్చరికైనా, బట్టల కొట్టు తగ్గింపైనా ఇల్లంతా వినాల్సిందే. నా జీతం వచ్చిన రోజు మాత్రం ఆ గొంతులో కాస్త బరువు చేరుతుంది, తనే చెమటోడ్చి తెచ్చినట్టు. “ఓవర్‌టైము కూడా కలిసినట్టుందే. ఫరవాలేదే నువ్వు,” అంటాడు. ఆ మెచ్చుకోలు కూడా నా జీతంలోంచి కోసి ఇచ్చినట్టే ఉంటుంది.

పెద్ద హోటలు లాండ్రీలో నా పని. అతిథుల బట్టలు మిషన్లో వేసేముందు జేబులు వెతకాలి. ఒక్క పెన్ను మిగిలిపోయినా ఆ విడత బట్టలన్నీ సిరా పూసుకుని బయటికొస్తాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ళ జేబుల్లోనే నా చేతులు. గవ్వలు, గుండీలు, సగం కొరికిన చాక్లెట్లు, బస్సు టిక్కెట్లు. దొరికినదాన్ని గది నంబరున్న కవరులో వేసి పైకి పంపేయాలి. బస్సు టిక్కెట్టు చేతికొస్తే మాత్రం కాసేపు వదలబుద్ధి కాదు. ఎవరో ఎక్కడికో వెళ్ళొచ్చారు. వెళ్ళేముందు ఎందుకని వాళ్ళను ఎవరూ అడిగి ఉండరు. మా అక్క ఊరికి ఇక్కణ్ణుంచి రెండు బస్సులు మారితే చాలు. వెళ్తానంటే “ఎందుకు?” అంటాడు ఆయన. అక్కను చూడ్డం ఎందుకంటే ఏం చెప్పను? “ఊరికే” అంటే అత్తగారు అందుకుంటుంది. “ఊరికే వెళ్తానంటే బస్సువాడు ఊరికే ఎక్కించుకుంటాడా అమ్మా?” తల్లీకొడుకులు నవ్వుకుంటారు. అక్క ఇంట్లో పెద్ద సుఖాలేమీ లేవు. ఒక మంచం, ఒక కిటికీ. నేను వెళ్ళగానే ఆ మంచం మీద గుడ్డలు తీసేసి, “కాసేపు పడుకోవే” అంటుంది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాట చెవిన పడటం కోసం నా ప్రాణం కొట్టుకుపోతుంటుంది.

ఒకప్పుడు నాకూ ఖాతా ఉండేది. ఆయన వ్యాను కొనుక్కునే రోజుల్లో, “ఆడవాళ్ళ పేరు మీదైతే వడ్డీ తక్కువట, ఇక్కడ పెట్టు సంతకం” అన్నాడు. పెట్టాను. వ్యాను నడిపింది ఆయన, వాయిదాలు ఎగ్గొట్టింది ఆయన, చెడింది నా పేరు. ఆ ఖాతాలో ఏది వేసినా అప్పు కింద లాగేసుకున్నారు. హోటలువాళ్ళు చేతికి జీతం ఇవ్వడం మానేసి ఖాతా నంబరు అడిగినప్పుడు బ్యాంకు బ్యాంకుకీ తిరిగాను. “అప్పు ఎగ్గొట్టారని మీ క్రెడిట్ స్కోరు బాగాలేదమ్మా. మీవారికి ఖాతా ఉందిగా, అందులో వేయించుకోండి,” అన్నాడు అద్దం వెనకాల మనిషి, మర్యాదగానే. ఇల్లు దోచినవాడికే తాళంచెవి ఇచ్చి రమ్మన్నట్టుంది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన నా భుజం తట్టాడు. “చూశావా, నిన్ను నమ్మేవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.”

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడను అందరం వదినా అని పిలుస్తాం. మొగుణ్ణి వదిలేసి వచ్చిన మనిషి, మిషన్ల మోతను మించిన గొంతు. ఒకరోజు టీ తాగుతూ నడుముకు కట్టుకున్న చిన్న సంచిలోంచి కార్డు ఒకటి తీసి చూపించింది.

“ప్రీపెయిడ్ కార్డే ఇది. రీచార్జి కొట్లో అమ్ముతారు. ముందు డబ్బు వేసుకోవడం, ఉన్నంతలో వాడుకోవడం. జీతం కూడా దీన్లోకే తెప్పించుకోవచ్చు.”

“నా స్కోరు...”

“అప్పిచ్చేవాడికి కావాలే స్కోరు. ఇది అప్పివ్వదు. నీ జాతకంతో దానికేం పని?”

“నెలనెలా ఏదో కోసుకుంటారంట కదా వదినా?”

“కోసుకోనీ. మీ ఆయన కంటే తక్కువే కోస్తారు.”

ఆ సాయంత్రమే రీచార్జి కొట్టుకు వెళ్ళాను. కొట్టావిడ నా గుర్తింపు కార్డు చూసి, “ఫోన్ నంబరు చెప్పండి” అంది. నోరు తెరిచాను. గడగడా వచ్చేసింది, మా ఆయన నంబరు. ఆసుపత్రిలో, కరెంటాఫీసులో, చివరికి ఈ ఉద్యోగంలో చేరిన రోజున కూడా చెప్పింది అదే. నా నంబరు నాకు రాదు. నాకు నేను ఎప్పుడు ఫోన్ చేసుకున్నాను గనక! కార్డు గుప్పిట్లో పట్టుకుని వీధి మలుపు తిరిగాక గానీ చేసిన పని తట్టలేదు. వెనక్కి పరిగెత్తేసరికి షట్టరు దించేశారు.

ఇంట్లో అడుగు పెడుతుంటే ఆయన చదువుతున్నాడు. “మీ కొత్త కార్డు సిద్ధంగా ఉంది. మాతో చేరినందుకు ధన్యవాదాలు.” ఆ వెనకే నా పేరు.

“ఏంట్రా అది?” అంది అత్తగారు.

“దొంగ మెసేజమ్మా. దీని పేరు మీద కార్డంట! ఏమే, నీకు కార్డిచ్చే పిచ్చోడెవడే?”

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. గండం గడిచింది గానీ, లోపల ఏదో తెగింది. దొరికిపోయినా బాగుండేదనిపించింది. అనుమానించాలన్నా ఎదుట ఒక మనిషి ఉందనుకోవాలి కదా.

మర్నాడు కొట్టావిడ కాళ్ళావేళ్ళా పడ్డాను.

“నంబరు మార్చుకోవచ్చు,” అందావిడ. “మీ ఫోన్లోంచి ఈ కంపెనీకి చేసి అడిగినవి నొక్కండి. పాత నంబరుకి కోడ్ వస్తుంది. అది కూడా నొక్కితే సరి. పాతది ఎవరిది?”

“మా ఆయనది.”

ఆవిడ నా మొహంలోకి చూసి నిట్టూర్చింది. “రోజూ వస్తూనే ఉంటారమ్మా ఎవరో ఒకరు. ముందు మీ నంబరు నేర్చుకోండి,” అని నా ఫోన్లోంచే చూసి చీటీ మీద రాసిచ్చింది.

ఆ రోజంతా అదే చదువు. కుడి జేబుకో అంకె, ఎడమ జేబుకో అంకె, లోపలి జేబుకో అంకె. పరాయివాళ్ళ జేబులన్నిట్లోనూ నా నంబరు దాచుకుంటూ, తీసుకుంటూ సాయంత్రానికి నోటికి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి పొయ్యి మీద కూర పెట్టి, గోడ వైపు తిరిగి ఫోన్ చేశాను. అడిగినవన్నీ నొక్కాను. ముందుగదిలో టింగుమంది. టీవీ మోత తప్ప చప్పుడు లేదు. గరిటె పక్కన పెట్టి చెవి ఒగ్గాను. పెళ్ళైన కొత్తలో ఎదురుచూశాను ఆ గొంతు కోసం, మళ్ళీ ఇవాళే.

“మళ్ళీ పంపాడమ్మా వెధవ!” అన్నాడాయన. గొంతు సవరించుకున్నాడు. “నంబరు మార్పు కోసం మీ కోడ్... నాలుగు, తొమ్మిది, నాలుగు...” చివరిది టీవీలో కలిసిపోయింది. “ఈ కోడ్ ఎవరికీ చెప్పవద్దు. చెప్పొద్దంటమ్మా! మనమెవరికి చెప్తాం?”

“ఏవండీ, చివర ఏమన్నారు?”

“సున్నా. నీకెందుకే?”

“ఊరికే.”

సున్నా నొక్కాను.

మర్నాడు పనికెళ్ళి సూపర్‌వైజరు చేత నా జీతం ఆ కార్డులో పడేలా మార్పించాను. నా బట్టలకు జేబుల్లేవు. జేబులు వెతికి బతికేదాన్ని, ఆ లోటు ఎలా గమనించలేదో! పాత దిండు గలీబు కత్తిరించి లోపలి వైపు నేనే ఒక జేబు కుట్టుకున్నాను.

జీతం రోజు రానే వచ్చింది. పొద్దున్నుంచీ ఆయన ఫోను ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. నేను ఇంటిపని ముగించి, రెండు జతల బట్టలు సంచిలో సర్దుకున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఆయన విసుక్కున్నాడు.

“మీ హోటలువాళ్ళకేం రోగమే? ఇంకా పడలేదేంటి?”

అప్పుడే నా నడుము దగ్గర జేబులో ఫోను చిన్నగా వణికింది. తీశాను. మెసేజిని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఇల్లంతా వినేలా, పైకి చదివాను.