ఖాళీ పెట్టెల కాపురం

మా ఆయన ఒక పెద్ద గోడౌన్‌లో స్టోర్‌కీపరు. అక్కడ ఆయన సంతకం లేనిదే మేకు కూడా గడప దాటదట. ఏ అరలో ఏ బోల్టు ఉందో కళ్ళు మూసుకుని చెబుతారని వాళ్ళ మేనేజరు మా ఇంటికొచ్చి మరీ పొగిడి వెళ్ళాడు. ఆ పొగడ్త సాగినంతసేపూ నేను మా బట్టల గది తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. ఆనించకపోతే తలుపు తెరుచుకుని లోపలున్న సరుకంతా మేనేజరు ఒళ్ళో పడుతుంది మరి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా!

పడకగది పక్కన చిన్న గది అది. దానికో కిటికీ ఉంది, వెలుతురు బాగా వస్తుంది. వస్తుందని నమ్మకమే కానీ నేను చూసి చాలా కాలమైంది. కిటికీకి అడ్డంగా టీవీ పెట్టె. టీవీ కాదండీ, టీవీ వచ్చిన అట్టపెట్టె. దాని మీద మిక్సీ పెట్టె, ఆ పైన ఫ్యాను పెట్టె, అందులో ఫోన్ల పెట్టెలు. ఆ ఫ్యాను ఎప్పుడో కాలిపోతే, ఆయన చూడకుండా పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. పెట్టె మాత్రం, లోపల థర్మకోల్ ముక్కలతో సహా, చెక్కుచెదరకుండా ఉంది. ఎందుకండీ ఇవన్నీ అంటే ఆయనది ఒకటే మాట.

"ఉండనీవోయ్. ఎప్పటికైనా పనికొస్తాయి."

నేనేమీ సన్యాసినిని కాను. సగం ధరకిస్తున్నారంటే అక్కర్లేనివి రెండు కొని, పూర్తి ధర పెట్టి వచ్చే రకాన్నే. సన్నబడ్డాక వేసుకుందామని దాచిన బట్టలూ నా అరలోనే ఉన్నాయి, లావైతే ఉంటాయని దాచిన బట్టలూ అక్కడే ఉన్నాయి. ఇప్పుడున్న ఒంటికి సరిపోయేవి మాత్రం కుర్చీ మీద పడుంటాయి, లోపల చోటు లేక.

అయినా అసలు జబ్బు మా అత్తవారి వంశంలో ఉంది. ఇంట్లోంచి ఏ వస్తువూ పరాయివాళ్ళ పాలు కాకూడదని వాళ్ళకో నియమం. వద్దనుకున్నది ముందు మా వదినగారికి, అంటే ఆయన అక్కకి, పంపాలి. ఆవిడ వద్దంటే మా బావగారికి, అంటే వాళ్ళిద్దరికీ అన్నకి. తీసుకున్నవాళ్ళు ఊరుకోకూడదు, బదులుగా తమ ఇంట్లోది ఏదో ఒకటి అంటగట్టాలి. అలా మూడిళ్ళ చెత్తా మూడిళ్ళ మధ్యే చక్కర్లు కొడుతుంది. మేము వదిలించుకున్న కుంటి ఇస్త్రీ బల్ల వదినగారింటికి వెళ్ళి, అక్కణ్ణుంచి బావగారింటికి వెళ్ళి, మా అమ్మాయి పుట్టినరోజుకి రంగు కాగితం చుట్టుకుని మళ్ళీ మా గుమ్మంలోకే వచ్చింది. "భలే బల్ల, అచ్చం మనదానిలాగే ఉందే!" అని మా ఆయన మురిసిపోయారు.

ఇన్నేళ్ళూ నవ్వుకుని ఊరుకున్నాను. ఈసారి మాత్రం ఊరుకునే వ్యవహారం కాదు.

పెళ్ళికి ముందు నేను దర్జీ పని చేసేదాన్ని. నా మొదటి సంపాదనతో కొనుక్కున్న కుట్టుమిషను ఆ గదిలో కిటికీ కిందే ఉండేది. తర్వాత దానికి మోటారు కూడా బిగించుకున్నాను. ముందు దాని మీద ఒక దుప్పటి పెట్టారు, "ఒక్కరోజుకే" అన్నారు. దుప్పటి మీద స్వెటర్లు చేరాయి, స్వెటర్ల మీద పెట్టెలు చేరాయి, మిషను కనబడటం మానేసింది. ఇప్పుడు బజారులో రెడీమేడ్ బట్టల షాపావిడ కబురు పంపింది. కొన్నవాళ్ళకి ప్యాంటు అంచులు మడవడం, నడుములు బిగించడం, జిప్పులు మార్చడం, ఆ పనంతా ఇంట్లోనే చేసిపెట్టే మనిషి కావాలట.

"మీ చేతిపని గురించి విన్నానండీ. సోమవారం పొద్దున వచ్చి మీరు కూర్చునే చోటు, మీ కుట్టు చూసుకుంటాను. నచ్చితే పనంతా మీకే. లేదంటే ఇంకొకావిడ ఎదురుచూస్తోంది," అంది ఫోన్లో.

మీ చేతిపని అన్న మాట విని ఎన్నాళ్ళయిందో! ఫోను పెట్టేసి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇంట్లో అందరికీ నేను తువ్వాలెక్కడ, సాక్సులెక్కడ అని అడగడానికి పనికొచ్చే మనిషిని. అంతకుమించి నాకూ ఒక పని వచ్చని ఎవరో పరాయిమనిషి గుర్తుచేయాల్సి వచ్చింది.

"గది ఖాళీ చేయాలండీ, నేను కుట్టుపని మొదలుపెడుతున్నాను," అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"నాకొదిలెయ్. గోడౌన్ పద్ధతిలో చేస్తా. ఏడాదిగా కదలని సరుకు డెడ్ స్టాకు. డెడ్ స్టాకంటే బయటికే. మొహమాటాల్లేవ్."

"మరి మీ పెట్టెల సంగతో?"

"అవి స్టాకు కాదోయ్, ప్యాకింగ్ మెటీరియల్. లెక్కలోకి రావు."

"ఎక్కడి చట్టమండీ ఇది?"

"ఏ గోడౌన్‌కైనా వెళ్ళి అడుగు. ఇదే చట్టం."

మిషను ముందు కుర్చీ పట్టేంత చోటు దొరికితే అదే పదివేలు అనుకున్నాను.

శనివారం ఆయన గది పని పట్టారు. నేను, షాపావిడ నమూనాకి ఇస్తానన్న ప్యాంట్లు తెచ్చుకోవడానికి షాపుకి వెళ్ళి, మధ్యాహ్నానికి మూటతో తిరిగొచ్చాను. గది చూద్దును కదా, కిటికీలోంచి ఎండ పడుతోంది! పెట్టెలన్నీ ఒక గోడకి సైజు ప్రకారం పేర్చి, ఒక్కోదాని మీద పేరు రాసి అంటించారు. కిటికీ కింద, సరిగ్గా నా మిషను ఉండాల్సిన చోట, వ్యాయామం చేసే సైకిలొకటి ఉంది.

"నా మిషనేదండీ?"

"ఏ మిషను?"

"మనింట్లో ఎన్నున్నాయి?"

"ఓ, అదా! ఏడాది దాటింది కదిలి. డెడ్ స్టాకు. అక్కకి పంపించేశా. బదులు అక్క ఈ సైకిలిచ్చింది. పొట్ట తగ్గుతుందోయ్."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాను కానీ, పెళ్ళాం సొమ్ము మొగుడు దానం చేసి సైకిలు తెచ్చుకోవడం ఇదే చూడటం.

"దాని మీద మీ పెట్టెలు పేరిస్తే అదెలా కదులుతుందండీ? మనిషిని మంచానికి కట్టేసి, లేవట్లేదు కాబట్టి పోయాడన్నట్టుంది! గది ఎందుకు ఖాళీ చేయమన్నాను? దేని మీద కుట్టమంటారు నన్ను?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "అదేంటి, పనిచ్చేవాళ్ళు మిషను ఇవ్వరా? గోడౌన్‌లో నేను కూర్చునే స్టూలు కూడా కంపెనీదేగా!"

"నన్నొక్క మాట అడగొచ్చుగా!"

"అడిగితే నువ్వు ఉంచమంటావని..."

ఆ నిజాయితీకి మెచ్చుకోవాలో, మూట నెత్తిన వెయ్యాలో తెలియలేదు. ఇంతలో పెట్టెల వరసలో ఒకటి కంటబడింది. "కుట్టుమిషను మోటారు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుంది. మోటారు పోయింది, మిషను పోయింది, మోటారు వచ్చిన అట్టపెట్టె మాత్రం భద్రం. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఏడుస్తూనే చెప్పులేసుకున్నాను.

వదినగారు తలుపు సందులోంచి మొహం పెట్టి పలకరించింది. "లోపలికి రామ్మా అందామంటే ఈ తలుపు ఇంతకంటే తెరుచుకోదు. వెనకాల సామాను. మిషనా? దింపనే లేదమ్మా, చోటెక్కడుంది? అదే బండిలో అన్నయ్యకి పంపేశా."

"అక్కర్లేనప్పుడు ఎందుకు తీసుకున్నారు వదినా?"

"బాగుంది! వద్దంటే పరాయివాళ్ళ పాలవదూ? బదులు అన్నయ్య ఒక దీపం పంపాడు. వెలగదనుకో, అయినా ఎప్పటికైనా పనికొస్తుంది."

బావగారిల్లు ఊరికి అవతల. ఆదివారం పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. గుమ్మంలో అడుగుపెట్టగానే కనబడింది. హాలు మధ్యలో నా మిషను స్టాండు. దాని మీద అద్దం పలక. పలక మీద చేపల తొట్టె. ఎర్ర చేపలు నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నాయి. బావగారికి చేతిపని పిచ్చి, ఖాళీగా ఉన్న వస్తువు కనబడితే ఆయన చేతులు ఊరుకోవు.

"ఎలా ఉందమ్మా? ఒక్క పూటలో చేసేశా," అన్నారాయన మెరిసే కళ్ళతో.

"పైన మిషనుండాలి కదా బావగారూ, దాన్నేం చేశారు? పారేశారా?" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. "పారేయడమా? మన వంశంలో ఏ వస్తువైనా పారేసిన వాళ్ళున్నారా? హెడ్డూ మోటారూ దుప్పట్లో చుట్టి అటకెక్కించా. ఎప్పటికైనా పనికొస్తుందని."

పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి ఆ మాటకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఏ జబ్బు వల్ల మిషను పోయిందో ఆ జబ్బు వల్లే మిగిలింది. అటకెక్కి దించుకొచ్చింది మా ఆయనే. ఒళ్ళంతా దుమ్ము. స్టాండు మాట ఎత్తితే మా తోడికోడలు తొట్టెకి అడ్డం నిలబడింది.

"అమ్మో, ఇప్పుడు కదిపితే చేపలు బెదురుతాయి. వాటికి ఈ చోటు అలవాటైపోయిందమ్మా."

నిన్న మధ్యాహ్నం వచ్చిన చేపలకి అప్పుడే అలవాటు! పోనీలే, మోటారు ఉంది కాబట్టి కాలితో తొక్కే స్టాండు లేకపోయినా నడుస్తుంది, కింద గట్టి బల్ల ఉంటే చాలు అనుకున్నాను. వచ్చేముందు బావగారు బదులుగా ఏదో ఇవ్వబోయి, నా మొహం చూసి వెనక్కి తీసుకున్నారు.

ఇంటికి రాగానే నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగితే ఉంచమంటారు కదా! సైకిల్ని వరండాలోకి తోశాను. అన్నాలు తినే బల్లని, నేనూ మా అమ్మాయీ చెరో పక్కా పట్టుకుని, బట్టల గదిలో కిటికీ కింద వేశాం. దాని మీద హెడ్డు బిగించి, నూనె చుక్కలు వేసి, స్విచ్చి నొక్కితే గుర్రుమంది. నా ప్రాణం లేచొచ్చింది.

"మరి మనం దేని మీద తింటాం?" అన్నారు ఆయన, మెల్లిగా.

నేను టీవీ పెట్టె హాల్లోకి లాగాను. సన్నబడితే బట్టలు, లావైతే బట్టలు, ఆయన పాత స్వెటర్లు, అన్నీ అందులో కుక్కి కుక్కి, నాలుగు పక్కలా టేపు వేశాను. పక్కన మిక్సీ పెట్టే ఫ్యాను పెట్టే కూడా అలాగే నింపి, ముగ్గురం కూర్చునేలా జరిపాను. పైన దుప్పటి పరిచాను.

"దీని మీద," అన్నాను.

సోమవారం పొద్దున షాపావిడ వచ్చింది. కిటికీ చూసింది, మిషను చూసింది, నేను మడిచిన ప్యాంటు అంచుని తిరగేసి మరగేసి గోటితో గీకి చూసింది. "కుట్టు కనబడటమే లేదండీ!" అని పెద్ద మూట నా ఒళ్ళో పెట్టింది. వెళ్తూ వెళ్తూ హాల్లో ఆగింది. అక్కడ మా ఆయన, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, అట్టపెట్టె మీద టీ కప్పు పెట్టుకుని బ్రెడ్డు తింటున్నారు.

"ఇదేంటండీ, పెట్టెల మీద తింటున్నారు?"

ఆయన నోరు నిండుగా ఉంది. నేనే చెప్పాను. "మావారు దాచారండీ. ఎప్పటికైనా పనికొస్తాయని. పనికొచ్చాయి."

ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నేను మూట విప్పి కూర్చున్నాను. ఎండ నేరుగా నా చేతుల మీద పడుతోంది. మొదటి ప్యాంటు సూది కింద పెట్టానో లేదో, హాల్లోంచి మా అమ్మాయిని కసురుతున్న మా ఆయన గొంతు వినబడింది.

"చూసి తాగవే! టీ ఒలికితే పెట్టె పాడైపోతుంది. టీవీకి ఇంకా వారంటీ ఉంది."

నేను మోటారు పెడలు మీద కాలు పెట్టి గట్టిగా నొక్కాను. ఇంకేమీ వినబడలేదు.