రెజ్ మంట

సెప్టెంబరు వచ్చిందంటే హాలిఫాక్స్‌లో కీత్ ఇంటింటికీ తిరుగుతాడు. గోడల్లోని గ్యాస్ కుంపట్లు విప్పి, మసి దులిపి, చలికాలానికి సిద్ధం చేయడం అతని పని. థెల్మా మాత్రం ఆరేళ్లుగా అతన్ని గడప తొక్కనివ్వలేదు. పోయిన మొగుడు రెజ్ ఆమె కుంపటి మంటలో ఉంటున్నాడు. కదిలిస్తే ఎక్కడ పోతాడోనని భయం. రోజూ సాయంత్రం పక్కన కూర్చుని స్వెట్టర్ అల్లుకునేది. మంటలోంచి అతను ఏదో గొణిగేవాడు. మాట తెలిసేది కాదు గానీ, ప్రేమ తెలిసేది. బస్సు నడిపే హెడ్లీ పెళ్లి చేసుకుందామని అడిగితే, "ఇంట్లో ఆయనుండగా ఎలాగండీ?" అంది. పాపం, హెడ్లీ వేరే ఊరు వెళ్లిపోయాడు.

ఈ ఏడు మంట పసుపుపచ్చగా వాలిపోయి, గదంతా మసి వాసన పట్టింది. కీత్‌ని పిలవక తప్పలేదు.

"రెజ్ గారూ, కాసేపు ఆర్పుతున్నా, ఏమనుకోకండి," అని కీత్ గ్యాస్ కట్టేశాడు. చల్లారాక బొగ్గుల్లా కనిపించే పింగాణీ ముక్కలు ఒక్కొక్కటే తీసి పాత పేపరు మీద పేర్చాడు. మెత్తటి బ్రష్షుతో మసి రాల్చాడు. బర్నర్ చిల్లుల్లో ఇరుక్కున్న పిల్లి వెంట్రుకలు లాగేశాడు.

"ఆయన గొంతుకి అడ్డం ఇదేనమ్మా. ఇక గలగలా మాట్లాడతాడు చూడండి."

అన్నీ మళ్లీ అమర్చి గ్యాస్ వెలిగించగానే మంట నీలంగా లేచింది.

"బెరిల్," అంది మంట ముద్దుగా. "మీ అక్క వంటింట్లోకి పోయిందా? ఇలా దగ్గరికి రావే."

బెరిల్ థెల్మా చెల్లెలు. రోజూ నాలుగింటికి టీకి వచ్చి, కుంపటి పక్క కుర్చీలోనే కూర్చుంటుంది.

కీత్ తల వంచుకుని బ్రష్షులు సర్దుకోసాగాడు.

"నేను థెల్మాని, రెజ్."

మంట ముడుచుకుపోయింది. "నువ్వా! ఎంతసేపైంది వచ్చి?"

"కాపురానికొచ్చి ముప్పై ఏడేళ్లు." ఆమె కీత్ వైపు తిరిగింది. "దీన్ని పీకేసి, పైపుకి మూత బిగించు బాబూ."

"వద్దే థెల్మా! ఆ లోకంలో అంతా చలే! ఒక్కణ్నే—"

కీత్ ఆమె ముఖం చూశాడు. వాల్వు తిప్పాడు.

నాలుగింటికి బెరిల్ వచ్చింది. గోడలో ఖాళీ చూసి నిలబడిపోయింది.

"అక్కా, బావేడి?"

"పైపు పాడైందట. తీయించేశా."

బెరిల్ కళ్లు తుడుచుకోబోయి ఆగింది. ఏడిస్తే ఎందుకో చెప్పాలి.

"పోయింది నా మొగుడు కదే, నీకేమైంది?" అంటూ థెల్మా టీ అందించింది. "చక్కెర ఇంకో చెంచా వెయ్యనా?"

బెరిల్ తలూపింది. ఆమె చేతిలో కప్పు సాసర్ మీద టకటకలాడుతుంటే, థెల్మా ఎదురుగా కూర్చుని, ఆ చప్పుడు ఆగేదాకా తాపీగా వింది.