చివరి గది అడ్వాన్సు

కాణిపాకం గుడికి వెనకవైపు రాఘవమ్మకు మూడు గదులు బాడుగకు ఉన్నాయి. మొగుడు అప్పు తెచ్చి కట్టించి, అది తీరకముందే పోయాడు. మొదటి గది బాడుగ బ్యాంకు కంతుకు పోతుంది. నడిమి గదిది ఆమె తిండికీ, షుగరు మాత్రలకూ. చివరి గదిది మోటారు కరెంటుకూ, ఇంటిపన్నుకూ. ఒక్క గది ఖాళీ పడిందంటే మిగతా రెండింటి లెక్కా తప్పుతుంది.

చివరి గదిలో మునస్వామి, నాగులమ్మ ఉండేవాళ్లు. గుడి ముందర కొబ్బరికాయల అంగడి వాళ్లది. పిల్లల్లేరు. తెల్లారి లేచి మోటారు వేసేది, ట్యాంకు నిండగానే ఆపేది మునస్వామే. ఎవరూ అతనికి ఆ పని చెప్పలేదు.

అతనికి కాలేయం చెడింది. చిత్తూరు ఆసుపత్రిలో చూసి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆటో వచ్చి వాకిట్లో ఆగడం రాఘవమ్మ చూసింది. సాయంత్రం పంచాంగం చూసే అయ్యవారి దగ్గరికి పోయింది. రాబోయే దినాల్లో నక్షత్రం బాగలేదని, అప్పుడు గనక ఇంట్లో ప్రాణం పోతే ఆ గది ఆరు నెలలు మూసిపెట్టాల్సిందేనని ఆయన చెప్పాడు.

మూసిన గదికి బాడుగ ఎవరిస్తారు? తెరిచాక మాత్రం ఎవరొస్తారు?

పొద్దున నాగులమ్మ కుళాయి దగ్గర గిన్నెలు తోముతుంటే పోయి పక్కన కూర్చుంది.

“మే నాగులా, కార్వేటినగరంలో మీ బావ ఉండాడు గదా.”

“ఉండాడు పెద్దమ్మా.”

“సొంతిల్లు గదా ఆయప్పది.”

నాగులమ్మ చేతిలో గిన్నె ఆగింది. “పొమ్మంటావా?”

“నేనెట్ల పొమ్మంటా. సొంతోళ్ల మద్దిన ఉంటే బాగుంటాదని.”

“మా ఆయన ఈడే ఉంటానంటాండాడు. ఈడైతే అంగళ్లోళ్లంతా వస్తారంట. ఆడ ఈయన మొగం ఎవురికి తెలుసు?”

“గది మూతపడితే నేను బతకలేను మే,” అంది రాఘవమ్మ, నేల చూస్తూ.

నాగులమ్మ గిన్నె కడిగి బోర్లించింది. “మద్దేనం కారు పిలుస్తాలే.”

అంగడివాళ్లు ఇద్దరు అతన్ని దుప్పట్లో ఎత్తుకొచ్చి కారులో పడుకోబెట్టారు. మునస్వామి కళ్లు తెరిచి రాఘవమ్మను చూశాడు.

“మోటారు ఆపినారా పెద్దమ్మా? నీళ్లు పొర్లిపోతాండాయి.”

ఆ పూట మోటారు వేయనేలేదు. “ఆపినాలే నాయనా,” అందామె.

కర్మాంతరాలు అయినాక నాగులమ్మ సామాన్ల కోసం వచ్చింది.

“దావలోనే పోయినాడు పెద్దమ్మా. శవాన్ని మా బావ ఇంట్లోకి రానీలేదు. కొడుక్కి పెండ్లి పెట్టుకోనుండాడంట. వీదిలోనే షామియానా ఏసి పండబెట్టినారు.”

రాఘవమ్మ పోయి చివరి గది తాళం తీసింది.

“అడ్వాన్సు ఇస్తే పోతా. కర్మకు తెచ్చిన అప్పుండాది.”

ఆ డబ్బు పోయిన ఎండాకాలం మోటారు కాలినప్పుడే అయిపోయింది. వచ్చేవాళ్ల అడ్వాన్సు తీసుకుని పోయేవాళ్లకివ్వడమే ఎవరింట్లోనైనా జరిగేది. గది చూడ్డానికి ఆ పొద్దే గిరిప్రసాద్ అనే అతను వస్తానన్నాడు. హోటల్లో వంట చేస్తాడు. వచ్చి గోడలు తట్టి చూశాడు, కుళాయి తిప్పి చూశాడు. తర్వాత గడపలో నిలబడ్డాడు.

“తప్పుగా అనుకోవద్దమ్మా. ఈ గదిలో ఎవురూ పోలేదు గదా?”

మూలన మూటలు కడుతున్న నాగులమ్మ తలెత్తకుండానే చెప్పింది.

“లేదన్నా. ఈడ ఎవురూ పోలేదు. మంచి గది.”

అతను డబ్బిచ్చి పోయాడు. రాఘవమ్మ ఆ నోట్లను మడత విప్పకుండా నాగులమ్మ చేతిలో పెట్టింది. నాగులమ్మ ఎంచి, కొన్ని తీసి వెనక్కి ఇవ్వబోయింది.

“మేముండిన దినాలకు బాడుగ. మోటారు కరెంటు గూడా దీంట్లోనే.”

వద్దనాలనే ఉంది రాఘవమ్మకు. ఇంటిపన్ను కట్టాల్సి ఉంది. తీసుకుంది.

నాగులమ్మ ఒక మూట నెత్తికెత్తుకుంటే రెండోది రాఘవమ్మ పట్టుకుని బస్సుదాకా నడిచింది. మూట లోపలికి అందించింది. పోయొస్తానని నాగులమ్మ అనలేదు. మళ్లీ రమ్మని రాఘవమ్మా అనలేదు.