సబ్బు కాయితం

"నీ మొగుణ్ని రమ్మను. వచ్చి సంతకం పెడితే ఇప్పుడే పంపిస్తా," అంది సూపరింటెండెంట్ స్వర్ణ.

"నన్ను అమ్మిందే వాడు మేడం."

"అదంతా నాకెందుకు చంద్రమ్మా? రూల్ అంటే రూల్."

నలభై రెండేళ్ల చంద్రమ్మ ఆఫీసు గడప దిగి వచ్చి గంప ముందు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీయసాగింది. పక్కనే కాయలు ఒలుస్తున్న వనితకు ఆ మాటలు వినిపించాయి. గొర్రెను కసాయికి అమ్మినవాణ్నే పిలిచి, దీన్ని భద్రంగా ఇంటికి తోలుకుపో అన్నట్టుంది.

సూర్యాపేట శివారులోని ఆ రక్షణ గృహంలో పదకొండు మంది ఆడవాళ్లున్నారు. పద్దెనిమిది దాటనివాళ్లు ఒక్కరూ లేరు. పని ఇప్పిస్తామని తీసుకుపోయి అమ్ముకున్న దళారుల నుంచి పోలీసులు వాళ్లను విడిపించారు. విడిపించి ఇక్కడ పెట్టి తాళమేశారు. ఆరు నెలలైంది. దళారులు బెయిలు తెచ్చుకుని దర్జాగా తిరుగుతున్నారు. వీళ్లు మాత్రం పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి హాజరు పలుకుతూ లోపలే ఉన్నారు.

ఆ నెల న్యాయసేవాధికార సంస్థ తరఫున ధనుంజయ్ అనే లాయరు వచ్చాడు. ఫైలు చూపించాల్సిందేనని వనిత పట్టుబట్టింది. అతను కాగితాలు తిప్పుతూ ఒకచోట ఆగాడు.

"విచారణకని కోర్టు మిమ్మల్ని మూడు వారాలు ఉంచమన్నదక్కా. ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. ఆ తర్వాత ఆర్డరే లేదు. ఇష్టపడే ఉంటున్నమని మీరు రాసిచ్చిన కాయితాలే ఉన్నయి."

"నేనెప్పుడు రాసిచ్చిన?"

"కింద వేలిముద్ర నీదే కద?"

వనితకు మొదటి రోజు గుర్తొచ్చింది. వరుసలో నిలబెట్టి, కాగితం మీద వేలు పెట్టిన వాళ్లకు పెట్టినట్టే సబ్బు, నూనె సీసా, నైటీ చేతిలో పెట్టారు. రేషన్ షాపులో వేలు పెడితే బియ్యం, పోస్టాఫీసులో వేలు పెడితే పింఛను. ఊళ్లలో వేలు పెట్టడమంటే ఏదో ఒకటి తీసుకోవడమే. పదో తరగతి పాసైన వనిత కూడా ఆ కాగితం చదవలేదు.

"సబ్బు కాయితం గదే," అంది చంద్రమ్మ.

"నురగ కూడా రాని సబ్బుకి ఆరు నెలలు రాసిచ్చేశామా?" అంది కోదాడ మౌనిక. నలుగురు నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"మీరు మేజర్లు," అన్నాడు ధనుంజయ్. "ఇష్టంతోటి ఉన్నరని వాళ్లే అంటున్నరు. ఇగ ఇష్టం లేదని రాసియ్యుండ్రి. ఆర్డర్ లేకుంట తాళమెయ్యనీకి ఎవ్వలకు హక్కు లేదు. మొగని సంతకం అక్కర్లే, నాయిన సంతకం అక్కర్లే."

మధ్యాహ్నం అన్నాల దగ్గర పెద్ద వాదనే జరిగింది.

"బయటికి పోయి ఏం చేస్తామే? ఊళ్లో రానిస్తారా?" అంది మౌనిక.

"రానియ్యకుంటే మిర్యాలగూడల కిరాయికుంట. రైసుమిల్లుల ఊడుస్త," అంది చంద్రమ్మ. "యాడ ఉండాల్నో నేను జెప్పాలె. వాళ్లు గాదు."

వనిత రాసింది. ప్రతి ఒక్కరూ రెండేసిసార్లు చదివించుకుని అప్పుడు వేలిముద్రకు చెయ్యి చాపారు. రాసిన రెండు ప్రతుల్లో ఒకటి ధనుంజయ్ తీసుకుపోయాడు, ఒకటి స్వర్ణ టేబుల్ మీద పడింది.

మర్నాడు పొద్దునకల్లా పెద్దవూర నుంచి వనిత తండ్రి సైదయ్య దిగాడు. గొర్లను పక్కవాడికి అప్పగించి, స్వర్ణ ఫోనుకు పరుగున వచ్చాడు.

"ఇక్కడ సంతకం పెట్టి మీ అమ్మాయిని తీసుకుపోండి," అంది స్వర్ణ. "వనితా, నువ్వు ఆ కాగితంలో నీ పేరు కొట్టెయ్, చాలు."

సైదయ్య కోసం తాళం తీసిన గేటు ఇరవై అడుగుల దూరంలో బార్లా తెరిచి ఉంది.

"నాయినా, సంతకం పెట్టకు."

"పిచ్చిలేసిందా బిడ్డా? మీ అమ్మ బువ్వ తింటలేదు."

వనిత కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు పెడితే నేనొస్త. చంద్రమ్మకు ఎవ్వలు పెడ్తరు? ఆడిదాన్ని ఇడిపియ్యాలంటే మొగోడే రావాలన్న మాటకు నేనే సాక్ష్యమైత నాయినా."

సైదయ్య చేతిలో ఉన్న పెన్ను టేబుల్ మీద పెట్టేశాడు.

"మందల నుంచి ఒక్కదాన్ని గుంజితే నడవదు మేడం. నా పనే గది, నాకు తెల్వదా."

అప్పటికే మిగతా పది మందీ గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నారు. వాచ్‌మన్ గేటు మూయబోతే మౌనిక గేటు రెక్కకు వీపు ఆనించింది. స్వర్ణ పోలీసులకు ఫోన్ చేసింది. వ్యాను వచ్చింది.

"ఎవరే మీ లీడర్?" అన్నాడు ఎస్సై.

"మమ్మల్ని ఉంచమన్న కోర్టు ఆర్డర్ చూపియ్యమనుండ్రి సార్," అంది వనిత. "చూపిస్తే లోపలికి పోతం."

ఎస్సై ఫైలు అటూ ఇటూ తిరగేశాడు. స్వర్ణ వైపు చూశాడు. "వాళ్లు వేలిముద్ర వేసిన కాగితాలున్నాయి కదా సార్," అంది స్వర్ణ.

"నాతోటి కాదిది. మేజిస్ట్రేట్ ముందర చెప్పుకోండి. ఒకామె రాండ్రి."

"పదకొండు మందిమి," అంది చంద్రమ్మ. అందరికంటే ముందు వ్యాను ఎక్కింది.

ఆరు నెలల కింద ఇలాంటి వ్యానులోనే చున్నీలతో మొహాలు కప్పించి తోసుకొచ్చారు. ఇవాళ ఎవరూ మొహం కప్పుకోలేదు. సైదయ్య వెనక ఆటో ఎక్కాడు. కానిస్టేబుల్ వ్యాను తలుపు వేసి బయటి నుంచి గడియ పెట్టబోయింది. చంద్రమ్మ సందులో కాలు పెట్టింది.

"ఉండనియ్యి బిడ్డా. మేం పారిపోతలేం. కోర్టుకు పోతున్నం."

తలుపు తెరిచి ఉండగానే వ్యాను కదిలింది.