ఎజెల్‌ని ఎక్కడ పెట్టారు?

హాస్కెల్ లైల్స్ పోయాడని ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు ఫోన్ చేసేసరికి వర్లీన్ గాడ్సన్ పొయ్యి దగ్గర రొయ్యలు వేయిస్తోంది. తొంభై ఏళ్ళ ముసలాడు, కొరియా యుద్ధంలో చేసొచ్చినవాడు. "వాళ్ళబ్బాయి డ్వైట్ గారు పూర్తి లాంఛనాలు కావాలంటున్నారమ్మా. తుపాకులు, బాకా, జెండా, అన్నీను. ఏదీ తగ్గకూడదట," అన్నాడు అవతలి మనిషి. వర్లీన్ పొయ్యి కట్టేసి, "తగ్గదు. నేనే వస్తానని చెప్పు," అంది.

ఆ కౌంటీలో సైన్యంలో చేసినవాళ్ళెవరు పోయినా సమాధి దగ్గర తుపాకులు పేల్చి, శవపేటిక మీది జెండా మడిచి ఇంటివాళ్ళ చేతుల్లో పెట్టేది మాజీ సైనికుల దళమే. ఆ దళానికి పెద్ద వర్లీన్. సార్జంటుగా రిటైరైన మనిషి. పోయినవాడు నల్లవాడా తెల్లవాడా, ఉన్నవాడా లేనివాడా అని ఏనాడూ చూడలేదు. కానీ లైల్స్ ఇంటి సంగతి వేరు. ఆ పేరు వింటేనే ఆమెకి ఒళ్ళు మండుతుంది. ఆ సంగతి దళంలో అందరికంటే క్లియోఫస్‌కి బాగా తెలుసు, ఇద్దరూ ఒకే చర్చివాళ్ళు.

"లైల్స్ వాళ్ళ శవానికి నువ్వెళ్ళడమేంటి సార్జంటమ్మా, మతి గానీ పోయిందా?" అన్నాడు క్లియోఫస్. "నేను మోకాలు నొప్పంటా, నువ్వు జ్వరమను. పీడా పోతుంది."

"నాకు జ్వరం లేదు."

"మరి ఆ కళ్ళేంటి చింతనిప్పుల్లా?"

"జెండా ఇచ్చేటప్పుడు ఏం చేస్తాం క్లియో? ఇంటివాడి ముందు వంగుతాం. ఆ కొస వాడు పట్టుకుంటాడు, ఈ కొస మనం. చెప్పే నాలుగు మాటలూ వాడికి తప్ప పక్కవాడికి వినపడవు. లైల్స్ రక్తం నాకు అంత దగ్గరగా ఎప్పుడు దొరికింది చెప్పు?"

క్లియోఫస్ గడ్డం గోక్కున్నాడు. "ఏం అడుగుతావో నాకు తెలుసు. వాడు చెప్తాడా?"

"చెప్పేదాకా వదిలితే కదా!"

అడగాల్సింది ఒక్కటే. ఎజెల్‌ని ఎక్కడ పెట్టారు?

మౌంట్ నీబో చర్చి వెనక గాడ్సన్ వాళ్ళ సమాధుల వరస ఒకటుంది. మొదటివాడు ప్రిన్స్. బానిసగా చేస్తున్న దొర పొలంలోంచి పారిపోయి, ఉత్తరాది సైన్యంవాళ్ళ నీలం కోటు తొడుక్కుని, ఆ దొరల మీదికే తుపాకీ పట్టుకుని వచ్చిన మొనగాడు. తర్వాత వాడి కొడుకు కఫీ, స్పెయిన్ వాళ్ళతో పోరాడ్డానికి క్యూబా వెళ్ళి జ్వరంతో వచ్చాడు, మంచం దిగలేదు. ఆ తర్వాత ఖాళీ. ఖాళీకి అవతల జూలియస్, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీలో లారీలు తోలినవాడు. రేమండ్, వియత్నాం. అందరికంటే చివర టెరెల్, ఇరాక్. టెరెల్ వర్లీన్ కొడుకు. ఆ రాయి దగ్గర ఆమె ఎక్కువసేపు నిలబడదు, నిలబడితే ఇంక కదల్లేదు.

మధ్యలో ఆ ఖాళీ ఎజెల్ కోసం ఉంచింది. ఎజెల్ వర్లీన్‌కి ముత్తాత. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో జర్మన్ల ముందు నిలబడి, ఛాతీ మీద ఫ్రెంచివాళ్ళిచ్చిన పతకంతో రైలు దిగాడు. ఒంటి మీద యూనిఫాం. పెళ్ళాం టెంపీకి రిబ్బను కొందామని దారిలో లైల్స్ వాళ్ళ కొట్టులోకి వెళ్ళాడు. కోల్‌మన్ లైల్స్, అంటే ఇవాళ పోయిన హాస్కెల్ తండ్రి, "ఆ బట్టలు విప్పి ఆ మూల పడెయ్యరా," అన్నాడు. ఎజెల్ విప్పనన్నాడు. నలుగురు కలిసి పత్తి మిల్లు వెనక్కి ఈడ్చుకెళ్ళారు. కేకలు విన్నవాళ్ళు ఉన్నారు, చూశామన్నవాళ్ళు లేరు. శవం దొరకలేదు కాబట్టి హత్యే జరగలేదని తేల్చేశారు పైవాళ్ళు. ఎంత సులువో చూడండి!

టెంపీ నెలల పిల్లాణ్ణి చంకనేసుకుని కోల్‌మన్ గుమ్మం ముందు నిలబడింది. "చంపారు సరే, మావాడి శవమన్నా ఇవ్వండి దొరా," అని అడిగింది. కోల్‌మన్ నవ్వి తలుపేసుకున్నాడు. ఆ నవ్వు టెంపీ చచ్చేదాకా మర్చిపోలేదు. ముసలితనంలో మునిమనవరాలు వర్లీన్‌ని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని జడలల్లేది. ఒక్కో జడకి ఒక్కో మగాడి పేరు, వాడు వెళ్ళిన యుద్ధం పేరు చెప్పించేది. మూడో జడ దగ్గర మాత్రం జుట్టు పీకినంత పని చేసేది.

"ఇది ఎవడే?"

"ఎజెల్, తాతమ్మా. ఫ్రాన్సు."

"ఎక్కడున్నాడు?"

"తెలీదు తాతమ్మా."

"తెలుసుకో. నీ తాత తెలుసుకోలేకపోయాడు, నీ బాబు తెలుసుకోలేకపోయాడు. మగాళ్ళ వల్ల కాలేదు. నువ్వన్నా ఆ కొంపని ఏడిపించి తెలుసుకో."

పెద్దయ్యాక వర్లీన్ అడగని మనిషి లేడు, దిగని గొయ్యి లేదు. పత్తి మిల్లు కూల్చినరోజు బుల్డోజరు పక్కన పొద్దుగూకేదాకా నిలబడి మట్టి వంక చూసింది. ఏమీ దొరకలేదు. లైల్స్ ఇంట్లో మగాళ్ళకి తెలుసునని మాత్రం ఊళ్ళో అందరూ గుసగుసలాడుకునేవారు. హాస్కెల్ ఎదురుపడితే టోపీ తీసి "నమస్తే సార్జంట్" అనేవాడు, మళ్ళీ అదే నవ్వు. ఇప్పుడు వాడూ పోయాడు. మిగిలింది డ్వైట్ ఒక్కడే.

ఆ డ్వైట్ ఏమన్నాడో కూడా ఆమె చెవిన పడింది. "గాడ్సన్ వాళ్ళావిడే వస్తోందట. మంచిదే, పాత గొడవలు మర్చిపోయారన్నమాట," అన్నాడట కౌంటీ పెద్దలందరి ముందూ. మర్చిపోయారట! వర్లీన్ ఆ పూట యూనిఫాం రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

జూన్ ఎండ. లైల్స్ వాళ్ళ సొంత శ్మశానం, చుట్టూ ఇనప కంచె, ఓక్ చెట్లు. డేరా కింద మొదటి వరస కుర్చీల్లో డ్వైట్, పక్కన వాళ్ళమ్మ జెనీవా. వెనక బంధువులు, మేయరు, పత్రిక మనిషి, ఊళ్ళో సగం. అందరి చేతుల్లో అట్ట విసనకర్రలు.

తుపాకులు మూడు సార్లు పేలాయి. తర్వాత బాకా. ఊదడం వచ్చినవాళ్ళు కౌంటీలో ఎవరూ మిగల్లేదు. బాకాలో చిన్న మిషను పెట్టి మీట నొక్కితే అదే పాడుతుంది. బడ్ హటో అనే ఆయన బుగ్గలు పూరించి ఊదుతున్నట్టు నటిస్తాడు. అయినా ఆ పాట మొదలైతే ఇక్కడ ఎవరూ కూర్చోరు, కదలరు, చెయ్యి గుండె మీద పెట్టుకుంటారు. జెనీవా కూడా కొడుకు భుజం పట్టుకుని లేచి నిలబడింది.

వర్లీన్, క్లియోఫస్ జెండా మడిచారు. నీలం, చుక్కలు మాత్రమే కనిపించేలా ముక్కోణం చేశారు. మళ్ళీ కూర్చున్న డ్వైట్ ముందు ఆమె వంగింది. అతను రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు.

ఆమె వదల్లేదు.

డ్వైట్ మెల్లిగా లాగాడు. రాలేదు. తలెత్తి చూశాడు.

"ఎజెల్‌ని ఎక్కడ పెట్టారు?" అంది, పెదవులు కదిలీ కదలనట్టు.

"ఏమిటండీ ఇది? మా నాన్న..." అన్నాడు డ్వైట్. "ఇప్పుడా? ఇక్కడా?"

"ఇక్కడే. నేనిది వదిలితే గానీ మీ నాన్న పెట్టె గోతిలోకి దిగదు. సాయంత్రం దాకా ఇలాగే వంగి ఉండగలను. ఎడారిలో ఇంతకంటే ఎండలో నిలబడ్డాను."

"నాకు తెలీదు."

"తెలుసు. మీ ఇంట్లో మగపిల్లాడికి మీసం రాగానే చెప్తారని ఊరందరికీ తెలుసు. చెప్తావా, లేక లేచి నిలబడి ఇదే మాట గట్టిగా అడగనా? పత్రిక అబ్బాయి కూడా వచ్చినట్టున్నాడు."

వెనకవాళ్ళకి ఇదంతా ఓదార్పులా కనిపించింది. ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. డ్వైట్ నుదుటి మీద చెమట జారి జెండా మీద పడింది. జెండా కింద వాళ్ళిద్దరి వేళ్ళూ బిగుసుకుపోయాయి.

"మేజర్," అన్నాడు చివరికి.

"ఎవరు?"

"కంచె మూల, చిన్న రాయి. మా తాత వేటకుక్కది. మేజర్ అని రాసుంటుంది." కళ్ళెత్తలేదు. "కుక్క లేదు. ఎప్పుడూ లేదు. యూనిఫాం వేసుకున్నాడని మా తాత ఆ పేరు పెట్టాడు."

వర్లీన్ తల తిప్పి చూసింది. ఓక్ చెట్టు కింద మోకాలెత్తు రాయి. దాని ముందు, మేలో సైనికుల సమాధుల మీద గుచ్చే చిన్న కాగితపు జెండా ఒకటి గుచ్చి ఉంది, వానకి రంగు వెలిసి.

"ఆ జెండా ఎవరు పెట్టారు?"

"ప్రతి ఏడూ పిల్లలతో పెట్టిస్తాం. నేనూ పెట్టేవాణ్ణి. పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు."

నూరేళ్ళు! నూరేళ్ళు నవ్వుకున్నారు వెధవలు. అక్కడే, ఆ క్షణాన, వాడి గొంతు పట్టుకోవాలనిపించింది వర్లీన్‌కి. పట్టుకోలేదు. నాలుగు మాటలూ పద్ధతి ప్రకారం చెప్పింది, దేశం తరఫున, సైన్యం తరఫున, మీ తండ్రి సేవకి కృతజ్ఞతతో అని. జెండా వదిలింది. సెల్యూట్ కొట్టింది. నడిచి దళం దగ్గరికి వచ్చింది.

"ఉత్త తూటాలు ఇంకా ఉన్నాయా?"

"పాత తుపాకులు మొరాయిస్తాయని ఎప్పుడూ ఎక్కువే తెస్తాంగా," అన్నాడు క్లియోఫస్. "ఎవరికి?"

"మావాడికి. ఆ కుక్క రాయి కింద ఉన్నాడు."

క్లియోఫస్ తుపాకీ భుజానికెత్తాడు. మోకాలు నొప్పి సంగతి ఎత్తలేదు.

దళం వెనక్కి తిరిగింది. పెట్టె దింపుతారు కదా అని కూర్చున్న జనం, తుపాకులు కంచె మూలకి నడుస్తుంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఆ కుక్క దగ్గరికెందుకు వెళ్తున్నారు?" అన్నాడు మేయరు. డ్వైట్ "వద్దు, వద్దు" అంటూ సగం లేచాడు. అప్పటికే మొదటి తూటాలు పేలాయి. రెండోసారి. మూడోసారికి ఓక్ చెట్టు మీది కాకులన్నీ లేచాయి. బడ్ హటో ఏమీ అడక్కుండా మీట నొక్కాడు.

బాకా మోగింది.

లేవకుండా ఎలా ఉంటారు? చిన్నప్పటినుంచి ఒంటికి పట్టిన అలవాటు. ఎవరి కోసమో తెలీకుండానే మేయరు లేచాడు, పాస్టరు లేచాడు, లైల్స్ బంధువులందరూ చేతులు గుండెల మీద పెట్టుకుని ఆ చిన్న రాయి వైపు తిరిగి నిలబడ్డారు. డ్వైట్ కూడా, ఒక చేతిలో తండ్రి జెండా పట్టుకుని.

పాట అయిపోగానే వర్లీన్ పరేడ్ గ్రౌండు గొంతుతో అంది. "ఎజెల్ గాడ్సన్. ఫ్రాన్సులో ఈ దేశం కోసం పోరాడొచ్చినవాడు. ఒంటి మీది యూనిఫాం విప్పనన్నందుకు కోల్‌మన్ లైల్స్ చంపి ఇక్కడ పాతాడు. పైన కుక్క పేరు రాయించాడు. డ్వైట్ గారు ఇప్పుడే తమ నోటితో చెప్పారు. రేపు తవ్వి మా వరసలోకి తీసుకెళ్తాం. అడ్డం వచ్చేవాళ్ళుంటే ఇప్పుడే రండి."

ఎవరూ రాలేదు. విసనకర్రలు కూడా ఆగిపోయాయి.

"నిజమా డ్వైట్?" అంది జెనీవా. అరవై ఏళ్ళు ఆ ఇంటి కోడలు. "కుక్క కాదా? నేను దానికి పూలు పెట్టేదాన్నే! నువ్వు, మీ నాన్న పక్కన నిలబడి చూసేవాళ్ళు."

డ్వైట్ తల దించుకున్నాడు. జెనీవా కొడుకు భుజం మీంచి చెయ్యి తీసేసింది, ముట్టుకోకూడనిది ముట్టుకున్నట్టు. "ఇప్పుడేం కావాలమ్మా నీకు?" అని వర్లీన్‌ని అడిగింది.

"మావాడికి తుపాకులు పేల్చాం. బాకా అయింది. జెండా మిగిలింది," అంది వర్లీన్. "అందుకోవాల్సిన ఇంటిమనిషిని నేనే. ఇచ్చేవాడు కావాలి."

ముసలావిడ తన కుర్చీ తనే కంచె వైపు తోసింది. "వెళ్ళు," అంది కొడుకుతో. "వెళ్ళమన్నానా!"

వర్లీన్ ఆ కుర్చీని రాయి ముందుకి లాక్కుని కూర్చుంది. డ్వైట్ తండ్రి జెండాని తన కుర్చీలో పెట్టి నడిచొచ్చాడు. ఊరందరి ముందూ వంగి, మట్టిలోంచి ఆ వెలిసిపోయిన కాగితపు జెండా పీకాడు. గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని రెండు చేతులతో చాచాడు. ఆమె చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

"మాటలు," అంది. "ఇందాక విన్నావుగా."

"దేశం తరఫున," అన్నాడు డ్వైట్ మెల్లిగా, "సైన్యం తరఫున... మీ ముత్తాత సేవకి... కృతజ్ఞతతో..."

ఆమె ఇంకా జెండా అందుకోలేదు.

"గట్టిగా చెప్పు," అంది వర్లీన్. "వెనకవాళ్ళకి వినపడలేదు."