తిమ్మయ్య పాట

ఈరక్క గోతంపట్టా పరిచి, పాటల పుస్తకాలు గాలికి ఎగరకుండా గులకరాళ్లు పెడుతూ ఉంది. ఆలూరు సంత అప్పుడప్పుడే కూడుతోంది. పగిలిన మడమలు, అమ్మవారు పోసిన మచ్చల ముఖం, పాడి పాడి బొంగురుపోయిన గొంతు. చదువు రాదు. అట్టమీది బొమ్మను బట్టి పుస్తకం గుర్తుపడుతుంది, పాట పాడి అమ్ముతుంది. మొగుడు పోయినప్పటి నుంచీ అదే బతుకు.

పట్టా అడుగున ఇంకో పుస్తకం దాచింది. కరువులో కూలిగింజలు అడిగిన తిమ్మయ్యను బావిలోకి తోసి, పైనుంచి బండలు వేసి చంపిన వైనాన్ని ఎవరో పాటగట్టి అచ్చు వేయించారు. చంపించినవాడి పేరు అందులో లేదు. అయినా దేవేంద్రప్పకు తగలవలసిన చోట తగిలింది. ఆ చుట్టుపక్కల పెత్తనమంతా ఆయనదే. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఆ పుస్తకం అమ్మినా పాడినా జైలేనని పోలీసుల చేత దండోరా వేయించాడు.

పక్కన మిరపకాయలమ్మే హనుమమ్మ, దాన్ని బయటికి తీయొద్దని బతిమాలింది. ఈరక్క తలూపింది. కానీ ఒక రైతు వంగి, తిమ్మయ్య పాట ఉందా అని మెల్లగా అడిగేసరికి చెయ్యి దానంతటదే పట్టా కిందికి పోయింది.

రైతు అటు పోయాడో లేదో దేవేంద్రప్ప మనుషులు వచ్చిపడ్డారు. ముందున్న సుబ్బన్న పట్టాను ఎగదన్ని, పుస్తకాలు కుప్పపోసి, కిరసనాయిలు చల్లి అంటించాడు. దేవుడి పాటలు, పెళ్లి పాటలు, అన్నీ కలిసి మండాయి. సోడాబండి దగ్గరున్న కానిస్టేబులు మొహం అటు తిప్పుకున్నాడు. ఈరక్క మంటలో చెయ్యి పెట్టింది. సుబ్బన్న ఆ చేతిని చెప్పుకాలితో నిప్పుల్లోనే తొక్కిపట్టాడు.

"రాసినోడు యాడుండాడో చెప్పు. ఇడిసిపెడతా."

"రాసినోళ్లు నాకు తెల్దప్పా," అంది ఈరక్క. "సచ్చినోడు మాత్రం నా తమ్ముడు."

ఇన్నాళ్లుగా పక్కన కూర్చుంటున్న హనుమమ్మకు కూడా ఆ సంగతి తెలియదు. పరాయివాళ్ల నోట తమ్ముడి పేరు వినడానికే ఈరక్క ఆ పుస్తకాన్ని సంత సంతకూ మోసింది.

కట్టె మూతి మీద పడింది. పళ్లు రాలాయి. ఈరక్క నెత్తురు ఉమ్మి, పాట ఎత్తుకుంది. మాటలు సరిగా పలకలేదు గానీ ఏ పాటో అందరికీ తెలిసింది. ఒక్కరూ కదల్లేదు. బావి చరణం దాకా వచ్చింది. ఈసారి కట్టె నడినెత్తిన పడింది.

వాళ్లు వెళ్లిపోయాక హనుమమ్మ ఆమెను బండిచక్రానికి ఆనించి, నీళ్లు తాపబోయింది. నీళ్లు గడ్డం మీదుగా కారిపోయాయి. ఈరక్క పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. చుట్టూ బేరాలు మళ్లీ మొదలయ్యాయి. ఎండ వాలేసరికి ఆ పెదవులు ఆగిపోయాయి.

బండి మీద శవాన్ని ఎత్తుకుపోయాక, ఆమె కూర్చున్న చోట ఒక గుడ్డమూట మిగిలింది. హనుమమ్మ విప్పి చూసింది. పొద్దున సగం తిని దాచుకున్న సజ్జరొట్టె. దాని అంచున ఈరక్క పంటిగాట్లు, ఒక్కటీ తప్పకుండా, వరుసగా ఉన్నాయి.