నిమ్మకాయల నైలాన్ గుడ్డ

ఆగస్టు నెలాఖరుకి ఆ దీవిలో ఏడుపు మొహాలు ఎక్కువవుతాయి. ఏథెన్స్ నుంచి సెలవులకి వచ్చినవాళ్ళంతా ఉప్పు తేలిన తువ్వాళ్ళు మడతపెట్టి, పిల్లల్ని కసురుకుంటూ, నాలుగు అంజూర పళ్ళూ ఒక జున్నుముద్దా సంచిలో కుక్కుకుని ఓడరేవు దారి పడతారు. ఫోతినీ ఒక్కతే ఆ రోజు కోసం కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తోంది. ఇంకో మూడు రోజులు. శనివారం మధ్యాహ్నం ఓడెక్కితే మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టే పని లేదు.

మిగిలిన పనల్లా గురువారం పొద్దుటిదే. ఆమె భర్త లెఫ్తేరిస్ పోయి మూడేళ్ళు నిండాయి. మూడేళ్ళకి సమాధి తవ్వాలి, ఎముకలు తియ్యాలి, వైన్‌తో కడిగి ఎండబెట్టి, పెట్టెలో సర్ది చర్చి వెనక ఎముకల గదిలో పెట్టాలి. శ్మశానమా, అరచెయ్యంత. వెనక పోయేవాళ్ళకి చోటు కావాలి కదా. ఎముకలు తేనెమైనం రంగులో శుభ్రంగా వచ్చాయంటే పోయినవాడు సుఖంగా ఉన్నట్టు లెక్క. కరగకుండా ఉన్నాడంటే మాత్రం ఎవరిదో ఉసురు తగిలినట్టు. ఈ సంగతి అక్కడ పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

అత్తగారు కల్లిరోయి నెల ముందే పెట్టె చేయించింది. దాని మీద కొడుకు పేరు నీలం రంగుతో తనే రాసుకుంది. "నా బిడ్డ బంగారంలా వస్తాడు చూడు," అని రోజుకి పదిసార్లు అంటోంది. పదిహేనేళ్ళ మనవరాలు మిర్తో ఆవిడ పక్కన కూర్చుని, పెట్టెలో పరచడానికి తెల్లగుడ్డ అంచుకి దారం కుట్టు వేస్తోంది. ఆ పిల్ల నానమ్మ దగ్గరైతే గలగలా నవ్వుతుంది. తల్లి గదిలోకి వస్తే మాత్రం సూది మీదికి తల వంచేస్తుంది.

మూడేళ్ళుగా ఇదే వరస. ఊఁ, ఉహూఁ, తిన్నాను, వెళ్తున్నాను. కన్నకూతురు ఇంట్లో అద్దెకున్న మనిషిలా తిరుగుతోంది. కారణం ఫోతినీకి తెలుసు. అందుకే ఆ ఎముకల కోసం ఆమె పడ్డ ఆరాటం కన్నతల్లి కల్లిరోయి కూడా పడి ఉండదు. అవి శుభ్రంగా వస్తే చాలు, కూతురు మళ్ళీ తనతో మాట్లాడుతుందని ఆమె ఆశ. శనివారం ఓడలో తన పక్కన కూర్చుంటుంది, అంతకన్నా ఏమొద్దు.

మూడేళ్ళ కిందట కూడా సెలవుల చివరి రోజులే. ఇసుకలో గొడుగు కింద కూర్చుని లెఫ్తేరిస్ పుచ్చకాయ ముక్క తింటూ, "ఈసారి ఏథెన్స్ వెళ్ళాక నేను మనింటికి రాను ఫోతినీ. ఇంకొకామె దగ్గరికి వెళ్ళిపోతున్నా. నీకు ముందే చెప్పడం మర్యాద అనిపించింది," అన్నాడు. కాయ తియ్యగా ఉందని చెప్పినంత తాపీగా అన్నాడు. చెప్పి, ఇంకో ముక్క తీసుకున్నాడు. ఆ రెండో ముక్క తీసుకోకపోయి ఉంటే ఆమె నోరు అదుపులో ఉండేదేమో. లేచి నిలబడి బీచి అదిరేలా అరిచింది: "మన్ను నిన్ను కరిగించుకోకుండా పోను!"

ఆ దీవిలో మేకని తిట్టినా, గంట ఆలస్యంగా వచ్చిన బస్సు డ్రైవర్ని తిట్టినా ఇదే తిట్టు. పుట్టి పెరిగింది ఏథెన్స్‌లోనే అయినా, పెళ్ళయ్యాక అత్తగారి నోట విని విని ఫోతినీకీ నాలుక చివరకి వచ్చేసింది. తిట్టేసి చూస్తే పదడుగుల దూరంలో, తడి బట్టల్లో, నీళ్ళోడుతూ మిర్తో నిలబడి ఉంది. లెఫ్తేరిస్ గొడవెందుకని నీళ్ళలోకి దిగాడు. నడుంలోతు నీళ్ళలో గుండె ఆగిపోయింది.

ఇంకొకామె సంగతి ఫోతినీ ఎవరికీ చెప్పలేదు. చనిపోయిన తండ్రి పరువు పన్నెండేళ్ళ పిల్ల ముందు ఏ మొహంతో తీస్తుంది? మిర్తోకి మిగిలింది తిట్టు ఒక్కటే. ముందూ వెనకా ఏమీ లేదు. పుచ్చకాయ తింటున్న నాన్న, అరుస్తున్న అమ్మ, అంతే.

గురువారం ఎండ ముదరక ముందే అందరూ సమాధి దగ్గర చేరారు. పాదిరి గారు ధూపం వేశారు. కల్లిరోయి వైన్ సీసా గుండెకి హత్తుకుని నిలబడింది. మిర్తో తెల్లగుడ్డ పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ గోతులు తవ్వుతున్న యాకుమీస్ పలుగు వేశాడు. మన్ను తడిగా, మెత్తగా లేచింది. శవపేటిక చెక్క పుల్లలు పుల్లలుగా వచ్చింది. ఆ తర్వాత పారకి పచ్చగా ఏదో తగిలింది.

నిమ్మకాయలు. పచ్చటి నిమ్మకాయల బొమ్మలు వేసిన నైలాన్ బల్లగుడ్డ, నిన్న కొన్నట్టు నిగనిగలాడుతోంది.

ఫోతినీకి అప్పుడు గుర్తొచ్చింది. అంత్యక్రియల పొద్దున అత్తగారు వంటింటి బల్ల మీది కొత్త గుడ్డ లాగి శవపేటికలో పరిచింది. కొడుకుని అందులో పొత్తిళ్ళలో చుట్టినట్టు చుట్టింది. "నీళ్ళ తొట్టి పక్క చోటు ఇచ్చారు, చెమ్మ ఎక్కువ. చిన్నప్పటి నుంచి వాడికి ఛాతీ పట్టేస్తుంది," అంటూ చుట్టింది. అడ్డు చెప్పే ఓపిక ఆ రోజు ఎవరికుంది?

యాకుమీస్ గుడ్డ మడత ఒకటి తొలగించి, వెంటనే మళ్ళీ కప్పేశాడు. ఫోతినీకి ఒక్క క్షణం కనబడింది. చొక్కా బొత్తాలు, వాటి కింద చొక్కా నిండా మనిషి.

"కరగలేదు," అని పాదిరి గారు శిలువ గుర్తు వేసుకున్నారు.

కల్లిరోయి చేతిలో సీసా జారింది. "ఎవరు? నా బిడ్డని ఎవరు పట్టుకున్నారు? ఎవరి ఉసురు ఇది? వాడు చీమకి కూడా అపకారం చెయ్యలేదే! చెప్పండి, ఎవరు?"

మిర్తో నెమ్మదిగా తల తిప్పి తల్లి వైపు చూసింది.

"అమ్మ," అంది మిర్తో. "అమ్మే అంది నానమ్మా. ఆ రోజు బీచిలో. కరగకుండా పోను అంది. నేను విన్నాను."

ముసలావిడ కొడుతుందనుకున్నారు. కొట్టలేదు. కోడల్ని కిందికీ పైకీ చూసి, బొంగురుగా, "నా దగ్గర నేర్చుకున్న మాట కదే అది. మేకల్ని తిట్టుకునే మాట. మొగుణ్ణి అంటారటే?" అంది.

ఆ క్షణాన ఫోతినీకీ తన తిట్టే తగిలిందనిపించింది. ఆ రోజు ఆ మాట ఉత్తినే అనలేదు, కడుపులోంచి అంది, నిజంగానే కోరుకుంది. ఈ మూడేళ్ళలో ఒక్క రోజు కూడా అతన్ని క్షమించలేదు. కొవ్వొత్తి వెలిగించిన ప్రతిసారీ ఆ పుచ్చకాయ ముక్కే గుర్తొచ్చేది.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ యాకుమీస్ ఆమెని ఆపాడు. "అమ్మా, శాపమూ లేదు, గీపమూ లేదు. ఆ నైలాన్ గుడ్డే. గాలి ఆడదు, తడి దిగదు, ఇంకెలా కరుగుతాడు? ఇలాంటివి నాలుగు చూశాను. ఉండు, ముసలావిడకి నేను చెప్తా."

"చెప్పకు."

"ఎందుకని? ఊరంతా తప్పు నీ నెత్తిన రుద్దుతుంది, తెలుసా? సాయంత్రానికల్లా రొట్టెల కొట్లో ఇదే కబురు."

"ఆవిడ చేత్తో పరిచింది యాకుమీస్. బిడ్డకి చలేస్తుందని పరిచింది. నువ్వు చెప్తే ఆవిడ ఈ చలికాలం దాటదు."

"మరి నీ సంగతి?"

"నేనూ అన్నానుగా," అంది ఫోతినీ.

రొట్టెల కొట్టు గురించి అతను చెప్పింది అక్షరాలా జరిగింది. ఫోతినీ లోపలికి వెళ్ళగానే మాటలు టక్కున ఆగాయి. పక్కింటావిడ పళ్ళెంలో వంకాయ కూర తెచ్చి ఆమె పక్కనుంచే నడిచి నేరుగా కల్లిరోయికి ఇచ్చి వెళ్ళింది. మధ్యాహ్నం మిర్తో మొండిగోడ మీద కూర్చుని ఉంటే ఫోతినీ వెళ్ళి పక్కన నిలబడింది. నైలాన్ గుడ్డ మాట నాలుక మీదికి వచ్చింది. కానీ పిల్ల కడుపులో మాట దాగదు, పొద్దు వాలేలోపు నానమ్మ చెవిన పడుతుంది. పైగా ఈ లోకంలో మిర్తో నవ్వేది ఆ ఒక్క మనిషి దగ్గరే.

"ఒక్కటి చెప్పు," అంది మిర్తో, సముద్రం వైపు చూస్తూనే. "నాన్న నిన్ను ఏం చేశాడని అంత మాట అన్నావు?"

ఫోతినీ దగ్గర జవాబుంది. ఒక్క వాక్యం. ఆ వాక్యం చెప్తే తనకి కూతురు దక్కుతుంది, కూతురికి తండ్రి పోతాడు. రెండోసారి.

"ఏం చెయ్యలేదు," అంది.

మిర్తో గోడ దిగి లోపలికి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున మళ్ళీ పూడ్చారు. ఇంకో రెండేళ్ళు మట్టిలో ఉంచాలని పాదిరి గారు నిర్ణయించారు. పాత గుడ్డని యాకుమీస్ అప్పటికే లాగేసి, ఉత్త దుప్పటి కప్పి ఉంచాడు. పాదిరి గారు క్షమాపణ ప్రార్థన చదివి, ఫోతినీని గోతి అంచుకి పిలిచి మూడుసార్లు చెప్పమన్నారు. "నేను క్షమించాను, దేవుడూ నిన్ను క్షమించుగాక," అని ఆమె మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అబద్ధమే. వెనకనుంచి మిర్తో, "పెదాలతో చెప్తోంది," అని నానమ్మతో అనడం స్పష్టంగా వినబడింది.

యాకుమీస్ పార అందుకున్నాడు. "ఆగరా," అంది కల్లిరోయి. చంకలోంచి కాగితం పొట్లం తీసి విప్పింది.

నిమ్మకాయలు. అదే రకం, అదే పచ్చదనం, మడతలు కూడా విడని కొత్త గుడ్డ.

"కొట్లో ఇంకా ఉంది, అదృష్టం," అంది ముసలావిడ. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంలో కాస్త వెలుగొచ్చింది. "పాతది చూశారుగా, మూడేళ్ళయినా చెక్కు చెదరలేదు. మంచి సరుకు. ఎవరి నోరు తగిలితేనేం, నా బిడ్డని చెమ్మ తగలకుండా కాపాడింది నా గుడ్డే. ఇంకో రెండేళ్ళు కాపాడదూ!"

యాకుమీస్ ఫోతినీ వైపు చూశాడు. ఇక ఆగలేనన్నట్టు నోరు తెరిచాడు.

ఫోతినీ ఒక్క అంగలో వెళ్ళి అత్తగారి చేతిలోంచి గుడ్డ లాక్కుంది.

"వద్దు."

"ఏమిటే వద్దు? ఇటివ్వు."

"గుడ్డ వద్దు అత్తయ్యా. తడవనీ."

"వాడికి చలే..."

"తడవనీ అన్నానుగా!" అని అరిచింది ఫోతినీ. శ్మశానం గోడలకి తగిలి ఆ కేక వెనక్కొచ్చింది. "మూడేళ్ళు పొడిగా పడుకున్నాడు, చాలదూ? తడవనీ!"

కల్లిరోయి నిలుచున్నచోటే కూలబడింది. పాదిరి గారు ఛీ అని మొహం తిప్పుకున్నారు. అర్థమైనవాడు యాకుమీస్ ఒక్కడే. తల ఎత్తకుండా గబగబా మన్ను తోశాడు, ఎవరూ అడ్డుపడేలోపు దుప్పటి కనబడకుండా పోయింది.

మిర్తో నానమ్మని భుజాలు పట్టుకుని లేపింది. తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది. తిడుతుందని, కనీసం ఏడుస్తుందని ఫోతినీ ఎదురుచూసింది. పిల్ల కళ్ళల్లో కోపం కూడా లేదు. తప్పు గుమ్మం తట్టిన మనిషిని చూసినట్టు చూసి, నానమ్మని పట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయింది.

శనివారం ఓడ వేళకే వచ్చింది. కల్లిరోయి రేవుకి రాలేదు. మనవరాలికని అంజూర పళ్ళ బుట్ట ఒకటి పంపింది, దాని మీద తులసి కొమ్మ పెట్టింది. ఓడ పైన బల్లలన్నీ జనంతో కిటకిటలాడుతున్నాయి. ఫోతినీ పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. మిర్తో ఆ చోటు చూసి, ఎదుటి వరసలో ఎవరో ముసలాయన సామాను పక్కకి జరిపించుకుని అక్కడ కూర్చుంది. ఓడ కదిలి, దీవి కొండ కనుమరుగైంది.

"రెండేళ్ళ తర్వాత నేనొక్కదాన్నే వస్తాను," అంది మిర్తో. "నువ్వు రావద్దు."

"సరే."

"ఒట్టు వెయ్యి."

"ఒట్టు. రాను," అంది ఫోతినీ.

ఆమె ఒళ్ళో సంచి ఉంది. సంచిలో అడుగున మడతలు విడని నైలాన్ గుడ్డ ఉంది. సముద్రంలో పారెయ్యాలని రెండుసార్లు అంచుదాకా వెళ్ళి తిరిగొచ్చింది. రెండేళ్ళు చాలునన్నాడు యాకుమీస్, ఆ మట్టికి రెండేళ్ళు ఎక్కువేనన్నాడు. ఈసారి శుభ్రంగా వస్తాడు. మిర్తోకి అప్పటికి పదిహేడు నిండుతాయి. ముసలావిడ వైన్ పోస్తుంటే తండ్రి ఎముకలు ఒక్కొక్కటీ తన చేతులతో కడుగుతుంది. అమ్మ రాలేదు కాబట్టే నాన్న కరిగాడని నానమ్మతో అంటుంది. అవును తల్లీ, అదే కారణం అంటుంది కల్లిరోయి.